నంబరు నేనివ్వలేదు, మీరిచ్చారు!

ఫైనలియర్ ప్రాజెక్టుకి ఏం చేయాలా అని మేం నలుగురం బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, ఐడియా కాలేజీ గేటు దగ్గరే దొరికింది. మాది ఇబ్రహీంపట్నం వైపు కాలేజీ. మెట్రో ఎల్బీనగర్‌తో ఆగిపోతుంది. అక్కణ్నుంచి సాగర్ రోడ్డు మీద బస్సే దిక్కు. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి టికెట్ లేదు, నిజమే. కానీ పొద్దున్న ఎనిమిదింటికి బస్సులో కాలు పెట్టే చోటూ ఉండదు. ఆ పక్కనే మా కాలేజీ స్టిక్కరున్న కారులో ఒక్కడే కూర్చుని పోతుంటాడు. ఆ ఖాళీ సీట్లనీ, ఈ ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లనీ కలిపితే చాలు కదా అనుకున్నాం. అలా మొదలైంది మా కార్‌పూలింగ్ యాప్.

రెండు నెలలు మ్యాపులతోనే కుస్తీ పట్టాం. ఎవరి దారి ఎవరితో కలుస్తుంది, ఎక్కించుకోవడానికి ఎన్ని నిమిషాలు చుట్టు తిరగాలి... ఇవే లెక్కలు. కిలోమీటరుకి ఇంత అని చార్జీ కూడా పెట్టాం. మా గైడ్ సార్ చూసి, "ఆ కార్ల నంబరు ప్లేటు ఏ రంగురా?" అన్నారు. తెల్ల ప్లేటు సొంత బండిని కిరాయికి తిప్పకూడదన్న సంగతి అప్పటిదాకా మాకు తట్టనేలేదు. చార్జీ తీసేసి, పెట్రోలు ఖర్చుని కారు నడిపేవాడితో సహా అందరికీ సమానంగా పంచాం. ఇక అంతా అయిపోయిందనుకుని మా బ్రాంచిలో ముప్పై మందికి ఇచ్చాం.

మూడో వారం మా క్లాసమ్మాయి క్యాంటీన్‌లో మా దగ్గరికొచ్చింది. "మీ యాప్ తీసేశా" అంది.

"ఏం, హ్యాంగ్ అవుతోందా?" అన్నాను.

ఫోన్ నా ముందు పెట్టింది. ఒక్కసారి ఓ సీనియర్ కారులో వచ్చిందట. దారిలో అతను మర్యాదగానే ఉన్నాడు. మర్నాటి నుంచి గుడ్ మార్నింగులు. తర్వాత, 'ఎందుకు రిప్లై ఇవ్వవు?' ఆఖరిది, 'మీ గల్లీ చివర ఉన్నా, రా.'

"వాడికి నంబరు నేనివ్వలేదు. ఇల్లు నేను చూపించలేదు. రెండూ మీరిచ్చారు" అంది.

నాకు నోట మాట రాలేదు. రైడ్ ఓకే అవగానే ఇద్దరికీ ఫోన్ నంబర్లు, ఇంటి లొకేషన్ కనపడేలా రాసింది నేనే. అది గొప్ప సౌకర్యమనుకున్నాను. ఆ రాత్రే అతన్ని యాప్‌లో బ్లాక్ చేశాం. కానీ అతని ఫోన్లో సేవ్ అయిన నంబరుని, అతను చూసేసిన గల్లీని ఎలా చెరపగలం? షీ టీమ్స్‌కి చెబుదామన్నాం. "ఇంట్లో తెలిస్తే ముందు నా కాలేజీ మాన్పిస్తారు" అంది. చివరికి నంబరు మార్చుకుంది ఆమే.

తప్పు ఎక్కడెక్కడుందో చెప్పమని ఆమెనే అడిగాం. మా స్క్రీన్లన్నీ కాగితాల మీద ప్రింటు తీసిస్తే, పెన్ను పట్టుకుని కొట్టేస్తూ పోయింది. ఇంటి అడ్రసు వద్దు, మెట్రో స్టేషనో బస్టాపో చాలు. నంబరు వద్దు, మాట్లాడాలంటే యాప్‌లోనే, దిగిన గంటకి అదీ మూసుకుపోవాలి. కాలేజీ మెయిల్ ఐడీ లేనివాళ్లకి ప్రవేశం లేదు. అమ్మాయిలు మాత్రమే ఉండే రైడ్ కావాలి. ఎక్కగానే బండి నంబరు ఇంట్లోవాళ్లకి వెళ్లాలి. రద్దు చేసుకుంటే కారణం అడగొద్దు. "లిఫ్ట్ ఇచ్చినందుకు రుణపడ్డట్టు ఉండకూడదు" అంది. మేం నెలల తరబడి రాసిన దాంట్లో సగం ఆ మధ్యాహ్నమే పోయింది.

రివ్యూలో మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు వాడేవాళ్లలో అమ్మాయిలూ ఉన్నారు. ఆమెని మళ్లీ వేసుకోమని అడిగాను.

"బాగా చేశారు" అంది. "నేను మాత్రం బస్సుకే వస్తాలే."

మళ్లీ అడగలేదు.