బొమ్మ పోయింది... పాట నిలిచింది!

సినిమా ఫ్లాపయి పాటలు హిట్టవడం మనకి కొత్తేం కాదు. హాల్లోంచి బొమ్మ వారానికే ఎత్తేసినా, పాటలు మాత్రం పెళ్ళిపందిళ్ళలో మైకుసెట్టు మీద ఏళ్ళ తరబడి మోగుతూనే ఉంటాయి. ఈ ముచ్చట మన దగ్గరే అనుకునేరు! బీటిల్స్ అంతటి వాళ్ళకీ తప్పలేదు.

బీటిల్స్ రికార్డుల్లో నాకు ప్రాణం ఏదని అడిగితే, 'సార్జంట్ పెప్పర్' అనను. అది వచ్చిన 1967లోనే, డిసెంబర్ 8న ఇంగ్లండులో విడుదలైన బుల్లి రికార్డు పేరు చెబుతాను - 'మాజికల్ మిస్టరీ టూర్'.

ఆ ఏడాది ఆగస్టు 27న వాళ్ళ మేనేజరు బ్రయాన్ ఎప్‌స్టీన్ 32 ఏళ్ళకే కన్నుమూశాడు. పెద్దదిక్కు పోయిన సంసారం ఎలా ఉంటుందో చెప్పాలా? అయినా సెప్టెంబర్ 5న స్టూడియోకి వెళ్ళి 'ఐ యామ్ ద వాల్రస్' మొదలుపెట్టారు. మర్నాడు 'బ్లూ జే వే'. ఆ తరువాత ఓ బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని, సరైన స్క్రిప్టన్నది లేకుండా, తామే డైరెక్టర్లయి టీవీ కోసం సినిమా తీసేశారు!

డిసెంబర్ 26న బి.బి.సి. దాన్ని ప్రసారం చేసింది. రంగుల్లో తీసిన బొమ్మని బ్లాక్ అండ్ వైట్‌లో చూపించారు. రంగులే ప్రాణమైన దృశ్యాలు బూడిద పూసుకున్నట్టు కనిపిస్తే ఏం బావుంటుంది? పత్రికలు చీల్చి చెండాడాయి.

మరి పాటలో? మొత్తం ఆరు. ఎల్.పి.కి చాలవు. ఈ.పి.కి ఎక్కువ. మన తెలుగు సినిమా పాటల ఈ.పి.లు గుర్తున్నవాళ్ళకి తెలుసు - అటు రెండు, ఇటు రెండు, నాలుగు పాటలతో సరి! బీటిల్స్ ఏం చేశారంటే, రెండు ఈ.పి.లు ఒకే అట్టలో పెట్టి, 28 పేజీల బొమ్మల పుస్తకం కుట్టి ఇచ్చారు. మొదటి పక్క రెండు పాటలు, రెండో పక్క 'వాల్రస్' ఒక్కటే. మూడో పక్క రెండు, నాలుగో పక్క 'బ్లూ జే వే' ఒక్కటే. పాటలకి తగ్గ సంచీ కుట్టారు గాని, సంచీ నింపడానికి పాటలు కూరలేదు!

ఇంగ్లండు సింగిల్స్ చార్టులో ఇది రెండో స్థానం దాకా వెళ్ళింది. మొదటి స్థానంలో అడ్డుగా కూర్చున్నదెవరో తెలుసా? వాళ్ళదే - 'హలో గుడ్‌బై'! ఆ రికార్డు వెనకపక్క ఉన్నదీ 'వాల్రస్సే'!

అమెరికాలో కాపిటల్ కంపెనీ మాత్రం ఆ ఏడాది సింగిల్స్‌గా వచ్చిన అయిదు పాటలు కలిపి, దీన్ని ఎల్.పి. చేసేసింది. 1976లో ఇంగ్లండులోనూ అదే ఎల్.పి. వచ్చింది. 1987లో సి.డి. కూడా ఆ రూపంలోనే. అందులో 'పెన్నీ లేన్', 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్' ఉన్నాయిగా, నష్టమేమిటంటారా? అవి బంగారాలే, కాదనను. కాని ఆ జిగేలులో ఈ ఆరింటి గుబులు వినపడదు.

గుబులేమిటంటారా? కొండమీద ఒంటరిగా కూర్చున్న పిచ్చివాడి మీద పాల్ పాట. పొగమంచులో దారి తప్పిన మిత్రుల కోసం ఎదురుచూస్తూ జార్జి కట్టిన పాట. మధ్యలో 'ఫ్లయింగ్' - సాహిత్యం లేని ఈ బాణీకి నలుగురూ కలిసి పేర్లు వేసుకున్నారు. దారి చూపేవాడు పోయాక, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని నడిచినట్టు వినిపిస్తుంది నాకు.

రికార్డు దొరక్కపోతే బెంగలేదు. మీ ఫోన్లోనే ఈ వరసలో పేర్చుకోండి: 'మాజికల్ మిస్టరీ టూర్', 'యువర్ మదర్ షుడ్ నో', 'ఐ యామ్ ద వాల్రస్', 'ద ఫూల్ ఆన్ ద హిల్', 'ఫ్లయింగ్', 'బ్లూ జే వే'. ఇరవై నిమిషాలైనా పట్టదు. ఇంటర్వెల్‌లో టీ తాగొచ్చే టైము! విన్నాక చెప్పండి, ఏడో పాట కావాలనిపించిందో లేదో.