ఓపెన్ సోర్స్ – అంతఃకలహాలు

తాము వ్రాసిన ప్రోగ్రామును దాచుకొనక లోకానికి అర్పించడమే ఓపెన్ సోర్స్ ఆశయం. జ్ఞానదానమనదగిన ఆ ఆశయం నన్ను ఆకర్షించింది. ఆచరణ మాత్రం పలుమార్లు నిరాశపరచింది.

దృశ్య శ్రవ్య ఫైళ్లను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చరిత్ర ఇందుకు నిదర్శనం. నిర్వహణ విషయమై కర్తల మధ్య కలహం రేగి, 2011లో లిబావ్ అనే వేరు శాఖ వెలసింది. డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్ లిబావ్‌ను స్వీకరించి, 2015లో మరల ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌నే చేపట్టింది. ఈ నడుమ లిబావ్‌తో లభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కమాండు, తనకు కాలం చెల్లినదని తెరపై ప్రకటించేది. అది చూచి అసలు ప్రోగ్రామే గతించినదని భ్రమపడినవారెందరో!

కర్తల కలహానికి మూల్యం చెల్లించేది కొత్తగా నేర్చుకొనేవాడే. నేను అభ్యసింపబూనిన వేరొక ప్రాజెక్టులో వివరణ పుటలు సగం పాతబడినవి, తక్కినవి శూన్యం. సందేహమడిగితే "కోడ్ చదువుకో" అన్నదే సమాధానం. ఆ కోడ్ ఎందుకట్లు వ్రాయబడినదో చెప్పగలవారు అప్పటికే పోట్లాడుకొని విడిపోయారు. తలుపు తెరచి దీపమార్పిన ఇంట అతిథి ఎట్లు అడుగిడగలడు?

సోదర విద్యార్థులారా! రేపు మీరట్టి బృందంలో చేరినచో, వాదంలో గెలుపుకంటె స్పష్టమైన ఒక్క పుట వివరణ వ్రాయుటే మిన్నయని తలంచండి. మీ వెనుక వచ్చేవారికి అదే దారిదీపం.