పారిస్ డబ్బులు, అరకు సంత

పెళ్లైన కొత్తలో మా ఇద్దరి ఫోన్లలో ఒకటే వాల్‌పేపర్. ఈఫిల్ టవర్. రెండో పెళ్లిరోజుకి పారిస్ వెళ్లాలని ప్లాన్. ఇద్దరి జీతాల్లోంచి నెలనెలా కొంత తీసి జాయింట్ అకౌంట్లో వేసేవాళ్లం. తీరా ఆ రోజు వచ్చేసరికి మేం ఎక్కింది విశాఖ నుంచి కిరండూల్ రైలు. "ఆఫీసులో సెలవు దొరకలేదు, వచ్చే ఏడాది చూద్దాం, ఈసారికి అరకు" అన్నాడు మా ఆయన. నమ్మాను.

రైలు ప్రయాణం మాత్రం బ్రహ్మాండం. ఆ లైను మీద మొత్తం 58 సొరంగాలున్నాయట. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి దింపడానికి 1960ల్లో వేసిన లైను అది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతో పాటు మేమూ కేకలేశాం.

రెండో రాత్రి రూమ్‌లో నా ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆయన ఫోన్ తీసుకుని వీసా ఫీజులు వెతుకుతూ, పన్లో పని అని బ్యాంకు యాప్ తెరిచాను. నాలుగు లక్షలు ఉండాల్సిన చోట పద్దెనిమిది వేలు కనిపించాయి.

తమ్ముడికి ఇచ్చాడట. వ్యాపారంలో ఇరుక్కున్నాడట. ఆర్నెల్ల కిందటి మాట. "నీకు చెప్తే ఒప్పుకోవని..." అన్నాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు, నేనూ చెయ్యనివ్వలేదు. దుప్పటి చెరో వైపుకి లాక్కుని పడుకున్నాం.

మూడో రోజు ఆఖరిది. కారుకి అడ్వాన్స్ ఇచ్చేశాం కాబట్టి పొద్దున్నే వచ్చి నిలబడింది. డబ్బు పోయిన మర్నాడు అడ్వాన్స్ కూడా వదులుకునేంత కోపం నాకు రాలేదు. చూడాల్సినవన్నీ చూశాం, మాట్లాడుకోకుండా.

ముందు సంతకి వెళ్లాం. పసుపు కొమ్ములు, రాజ్మా, చింతపండు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు. పొగమంచు ఇంకా వీడలేదు. ఒకావిడ దగ్గర అరకేజీ పసుపు తీసుకున్నాను. "కొండ పసుపమ్మా, ఒక్క చిటికేస్తే సాలు" అంది. పక్కనే ఆమె భర్త. నేనిచ్చిన నోట్లు ఇద్దరూ కలిసి రెండుసార్లు లెక్కపెట్టారు. ఆయన చెయ్యి చాపాడు. ఆవిడ ఇరవై రూపాయలు చేతిలో పెట్టి, మిగతావి కొంగున ముడేసుకుని, ఏదో తిట్టింది. వాళ్ల భాష నాకు రాదు గానీ తిట్టు తిట్టే కదా! తల తిప్పి మా ఆయన్ని చూశాను. ఆయన చీపుర్ల నాణ్యత చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

పద్మాపురం గార్డెన్స్‌ని కారులోంచే చూశాం. ట్రైబల్ మ్యూజియంలో గిరిజనుల ఇళ్లు, పెళ్లి తంతు, థింసా నాట్యం అన్నీ బొమ్మలుగా పెట్టారు. బయట మనుషులు కాఫీ పళ్లు కోస్తుంటే, లోపల బొమ్మల్ని టికెట్ కొని చూడటం నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

కాఫీ తాగడానికి ఆగిన చోట మొదటి మాట పడింది. అరకు కాఫీ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చిన్న చిన్న కమతాల ఆదివాసీ రైతులు, సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెంచే తోటలు, ఆ చెట్లకే అల్లుకునే మిరియాల తీగలు. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ షాపు తెరిచారు. మరుసటి ఏడాది అక్కడే బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

మా ఆయన కప్పులోకి చూస్తూ, "మనం వెళ్లకపోయినా ఈ కాఫీ వెళ్లింది పారిస్" అన్నాడు.

"చెప్పి వెళ్లిందా, చెప్పకుండా వెళ్లిందా?" అన్నాను.

మళ్లీ నిశ్శబ్దం.

గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర డ్రైవర్ ఫోన్ తీసుకుని ఉత్సాహంగా ఫోటోలకి దిగాడు. "సార్, కొంచెం దగ్గరికి. మేడమ్, నవ్వండి." ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. వెనక కొండల మీద కొండలు. మా మధ్య ఇంకో మనిషి నిలబడేంత జాగా.

బొర్రా గుహలు మధ్యాహ్నం. ఎప్పుడో మేస్తున్న ఆవు ఒకటి పైనున్న కన్నంలోంచి లోపలికి పడిపోతే, వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగం కనిపించిందని స్థానికుల కథ. సుమారు 80 మీటర్ల లోతు. సున్నపురాయి మీద చుక్క చుక్కగా నీరు కారి అన్ని రూపాలు కట్టడానికి ఎన్ని వేల ఏళ్లు పట్టిందో! గుహ పైనుంచే మేం వచ్చిన రైలు లైను వెళ్తుంది. ఈ బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద మొదలైన కేసే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పుదాకా వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదని అందులో తేల్చారు. కాలేజీలో చదివిన పేరు అది. ఊరు ఇదేనని అక్కడ నిలబడ్డాక గుర్తొచ్చింది.

మెట్లెక్కుతూ ఆయనే ఆగాడు. "నాన్న అడిగారు. పుట్టాక మొదటిసారి ఆయన నన్ను ఏదైనా అడగడం."

"నువ్వు నన్ను అడగాల్సింది" అన్నాను.

"అవును" అన్నాడు. ఇంకేమీ కలపలేదు. సాకులు చెప్తే తిట్టడానికి రాత్రంతా తయారుచేసుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

ఘాట్ రోడ్డు దిగుతుండగా నాకు ఇంకోటి గుచ్చుకోవడం మొదలైంది. రాత్రి నుంచీ దాన్ని పక్కకి తోస్తూనే ఉన్నాను. శృంగవరపుకోట దగ్గరపడుతుంటే చెప్పేశాను.

"నేను నెలనెలా కడుతున్నానని చెప్పిన చిట్టీ లేదు. ఆ ఐదు వేలు అమ్మకి పంపుతున్నాను. ఏడాదిన్నరగా."

ఆయన నా వైపు తిరిగాడు. డ్రైవర్ పాట సౌండ్ తగ్గించాడు, పాపం వినాలనే.

"అత్తయ్యకి పంపడానికి నాకు చెప్పకపోవడం ఏంటి?"

"నువ్వు ఒప్పుకోవని."

చాలాసేపు ఇద్దరం కిటికీల్లోంచి బయటికి చూశాం. తర్వాత ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాలుగు లక్షలు, నెలకి ఐదు వేలు ఒకటి కావు, ఆ మాట కూడా చెప్పాను. కావని ఆయనా ఒప్పుకున్నాడు. తమ్ముడితో నెలకింతని రాయించుకోవాలని, ఆ ఫోన్ నా ముందే చెయ్యాలని అన్నాను. సరేనన్నాడు.

విశాఖలో హైదరాబాద్ రైలుకి ఇంకా గంటన్నర టైముంది. ప్లాట్‌ఫామ్ బెంచీ మీద, పసుపు వాసనేస్తున్న బ్యాగు మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. నా ఫోన్లో బ్యాంకు యాప్ ఇన్‌స్టాల్ చేసుకున్నాను. ఓటీపీ ఆయన నంబరుకి వెళ్లింది. ఒక్కో అంకే ఆగి ఆగి చదివి చెప్పాడు.