మావారి ఎర్రకారు ముచ్చట

పాత బంగారం కొనేటప్పుడు గీటురాయి మీద గీసి మరీ చూసుకుంటాం కదండీ! అదే పాత కారైతే ఆ బాధ్యత మగవాళ్లకి వదిలేసి, "కార్ల సంగతి మనకేం తెలుసు?" అని ఊరుకుంటాం. కానీ ఆ కారులో తిరిగేది మన పిల్లలే. అందుకే నాకు తెలిసిన నాలుగు మాటలు మీ చెవిన వేద్దామనిపించింది.

మేముండేది అమెరికాలో, ఒహాయోలో. మావారికి కుర్రతనం నుంచీ స్పోర్ట్స్ కారంటే మోజు. పిల్లల చదువులూ ఇంటి అప్పూ ఓ కొలిక్కి వచ్చేసరికి ఆయనకు యాభై నిండాయి. అప్పుడు కొన్నారు, 1994 నాటి మాజ్డా మియాటా, ఎర్రది, సెకండ్ హ్యాండ్‌లో. అందులో పట్టేది ఇద్దరే. టాపు వెనక్కి మడిచేయొచ్చు. స్విచ్ వేస్తే ముందు దీపాలు రెండూ బానెట్లోంచి పైకి లేస్తాయి, పసిపాప నిద్రలేచి కళ్లు విప్పినట్టు!

నెల తిరక్కుండానే తిక్క మొదలుపెట్టింది. ఓ రోజు ఒక్క దీపమే లేచి, కన్ను కొడుతున్నట్టు నిలబడింది. ఇండికేటర్ వేస్తే డాష్‌బోర్డు లైట్లూ దాంతోపాటే మినుకుమినుకుమనేవి. కొన్నాళ్లు పొద్దున్నే స్టార్టయ్యేది కాదు. మెకానిక్ చూసి, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ పోయింది, మార్చాలన్నాడు. ఖర్చు వందల డాలర్లు!

నాకు మాత్రం అనుమానం వచ్చింది. ఇంట్లో నాలుగు కూరలూ ఒకే వాసన వేస్తుంటే తప్పు కూరల్లో ఉంటుందా, నూనెలో ఉంటుందా? "ముందు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేదో అది చూడండి" అన్నాను మావారితో.

ఆయన మల్టీమీటర్ పెట్టి చూశారు. ఇంజను ఆపి ఉంచితే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజను ఆడుతుంటే సుమారు 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. మాది 14 దాటింది. అంటే ఆల్టర్నేటర్ నిక్షేపంగా ఉంది! కారులో చాలా దీపాలకి రెండో వైరు కారు ఇనుప ఒళ్లే. దాన్నే ఎర్త్ అంటారు. ఈ కారుకి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. అందుకని దాని ఆవిరి బయటికి పోవడానికి సన్నటి గొట్టం ఉండాలి. ఇదివరకటివాళ్లు ఆ గొట్టం పెట్టకుండా మామూలు బ్యాటరీ వేశారు. ఆ ఆవిరికి ఎర్త్ వైరు బిగించిన బోల్టు తుప్పు పట్టింది. దీపం మోటారు దగ్గరి కనెక్టరుకి పచ్చటి చిలుము పట్టి ఉంది.

మందు మన వంటింట్లోదే. నెగటివ్ వైరు ముందు విప్పేసి, వంటసోడా నీళ్లలో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, తడి లేకుండా తుడిచాం. బిగించేటప్పుడు నెగటివ్ వైరు చివర్న బిగించాలి. సోడానీళ్లు బ్యాటరీ లోపల పడకూడదు సుమా! ఆపైన గొట్టం ఉన్న బ్యాటరీ వేయించాం. తిక్క కుదిరింది.

టైర్ల దగ్గర మాత్రం ఇంట్లో చిన్నసైజు యుద్ధమే అయ్యింది. చూడ్డానికి అవి కొత్తవే, గాడులు లోతుగా ఉన్నాయి. కానీ టైరు పక్కన డి.ఓ.టి. అన్న అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు 2211. అంటే 2011లో 22వ వారంలో తయారైంది. పదేళ్లు దాటిన టైరు ఎంత కొత్తగా కనిపించినా రబ్బరు గట్టిపడుతుంది, బీటలిస్తుంది. నడిరోడ్డు మీద పగిలితే?

మార్చడానికి అందరూ ఒప్పుకున్నారు. ఏవి వేయించాలన్నదే పేచీ. "అమ్మా, సమ్మర్ టైర్లైతే మలుపుల్లో అతుక్కుపోతాయి, నీకు తెలీదు" అన్నాడు మా ఇరవయ్యేళ్ల అబ్బాయి. నిజమే, ఎండాకాలంలో. కానీ 7 డిగ్రీల కంటే చలి పెరిగితే ఆ రబ్బరు బిగుసుకుని పట్టు తప్పుతుంది. ఇక్కడ నవంబరు పొద్దుళ్లు అంత చల్లగానే ఉంటాయి. వాడు కాలేజీకి బయల్దేరేది ఆ పొద్దుళ్లలోనే. పైగా ఈ కారుని తోసేది వెనక చక్రాలు. అవి జారితే కారు బొంగరమే. "మలుపులో నీకు దక్కే సరదాకంటే నువ్వు ఇంటికి రావడం నాకు ముఖ్యం" అన్నాను. వాడింక మాట్లాడలేదు. ఆల్ సీజన్ టైర్లే వేయించాం. మంచు కురిసిన రోజు మాత్రం ఆ కారు తాళంచెవి నా పోపులడబ్బా పక్కనే ఉంటుంది!

మన ఊళ్లలో మంచు లేకపోయినా వానలున్నాయి కదా. మీది పాత మారుతీ అయినా ఈ లెక్కే. డబ్బు సరిపోక రెండే టైర్లు మార్చుతుంటే కొత్తవి వెనక్కి వేయించండి, తడిరోడ్డు మీద వెనక భాగం జారకుండా ఉంటుంది. "ఈ భాగం పోయింది, మార్చాలి" అని ఎవరన్నా అంటే, "ఎర్త్ చూశారా?" అని ఒక్క మాట అడగండి. పప్పు కొనేటప్పుడు పురుగు చూసే కళ్లకి టైరు మీద నాలుగంకెలు చదవడం ఓ లెక్కా, చెప్పండి?