తోడేలూ చిట్టెలుకా

లాటిను భాషలో లూపస్ అంటే తోడేలు. అదే భాషలో మస్క్యులస్ అంటే చిట్టెలుక. జబ్బ బిగించినప్పుడు చర్మం కింద ఎలుకపిల్ల కదిలినట్లు కనబడుతుంది గనుక కండరానికి ఆ పేరు పెట్టారట. ఇంగ్లీషువారి మజిల్ అందులోంచి వచ్చినదే. మన సుశ్రుతులవారు ఎలుకల జోలికి పోకుండా పేశి అన్నారు. అంటే మాంసపు ముద్ద. దేహంలో అవి 500 అని లెక్క తేల్చి, స్త్రీలకు మరో 20 అధికమని కూడా సెలవిచ్చారు. ఈ నిరుక్తమంతా మా ఇంట్లో ఎందుకు అవసరపడిందంటే, పన్నెండేళ్ళుగా లూపస్‌తో కాపురం చేస్తున్న మా ఆవిడకు రెండేళ్ళ క్రితం కండరాలకు కూడా శోథ వచ్చింది. తోడేలు ఎలుకను పట్టిందన్నమాట.

దేహరక్షణకై ఉన్న సేన దేహం మీదనే తిరగబడడం ఈ జాతి వ్యాధుల లక్షణం. దీనికి అందరూ భస్మాసురుణ్ణి ఉదాహరిస్తారు. నాకది అంతగా రుచించదు. భస్మాసురుడికి ఎదుట ఉన్నది శివుడని తెలుసు. ఇక్కడ జరిగేది ప్రభాసతీర్థంలో యాదవులు తుంగ పీకి ఒకరినొకరు మోదుకున్న తీరు. తనవాడెవడో పరవాడెవడో పోల్చుకునే వివేకం నశించడమే ఇందులో అసలు విషాదం. ఆ కలహం చర్మంలోనో, కీళ్ళలోనో, మూత్రపిండాలలోనో మొదలై కొందరిలో కండరాలకు పాకుతుంది. స్క్లెరోడెర్మా, షోగ్రెన్ వ్యాధి ఉన్నవారిలోనూ ఇలా జరగవచ్చు. ఏ పాత వ్యాధీ తోడు లేకుండా తనంత తానుగా వచ్చే డెర్మటోమయోసైటిస్ వంటివీ ఉన్నాయి. 2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ అని ప్రకటించాక ఈ మాట మన పత్రికలకెక్కింది. అంతకు ముందయితే నోరు తిరగని పేరని నవ్వి ఊరుకునేవారు.

భాష చెప్పుకుని బ్రతికినవాణ్ణి గనుక నాకు ఈ వ్యాధిలో మొదట కనిపించిన చిక్కు మాటలదే. మా ఆవిడ రెండు నెలలపాటు “నీరసంగా ఉందండీ” అంటూ వచ్చింది. తెలుగిళ్ళలో ఏకాదశి ఉపవాసానికీ నీరసమే, జ్వరం విడిచాకా నీరసమే, రోహిణి కార్తె ఎండకూ నీరసమే. దగ్గరలోని వైద్యుడు బలానికి సీసా మందు రాశాడు. నొప్పి ఉందా అని అడిగితే లేదంది. నొప్పి లేని రోగానికి లోకంలో సానుభూతి తక్కువ. “ముఖం కళగానే ఉంది గదా వదినా” అన్నది మా చెల్లెలు.

తరువాత రక్తపరీక్షలో ఎస్.జీ.ఓ.టీ., ఎస్.జీ.పీ.టీ. హెచ్చుగా వచ్చాయి. అవి కాలేయానికి సంబంధించినవని ప్రతీతి. కళ్ళు పచ్చబడలేదు, బిలిరుబిన్ సరిగానే ఉంది. అయినా బంధువులు కామెర్లకు పసరు పోసే ఊళ్ళ పేర్లు వరసగా చెప్పారు. ఆ రెండూ కండరాలలో కూడా ఉంటాయనీ, కండరం చితికినా రక్తంలో పెరుగుతాయనీ అప్పటికి మాకెవరూ చెప్పలేదు.

చివరికి హైదరాబాదులో రుమటాలజిస్టు ఒకామె అసలు ప్రశ్న వేసింది. “అమ్మా, పని చేసి చేసి అలసిపోతున్నారా? లేక చెయ్యబోతేనే పట్టు చాలడం లేదా?” మా ఆవిడ కాస్త ఆలోచించి, “జడ వేసుకోబోతే చేతులు చెవి దాటి లేవడం లేదమ్మా. పీట మీద కూర్చుంటే ఈయన చెయ్యి అందిస్తే గాని లేవలేను” అన్నది. ఆవిడ వెంటనే చేతులు ఎదమీద కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. మూడుసార్లు ముందుకు ఊగింది గాని లేవలేదు. పిడికిలి పట్టు మాత్రం గట్టిగానే ఉంది. పచ్చడి జాడీ మూత ఆ రోజుల్లోనూ తనే తీసేది. ఈ శోథ సాధారణంగా మొండేనికి దగ్గరగా ఉండే భుజాల, తుంటి, తొడల కండరాలనే ముందు పట్టుకుంటుందట. నీళ్ళు మింగేటప్పుడు పొలమారుతోందా అని కూడా అడిగింది. గొంతు కండరాలకు పాకితే ప్రమాదం. దైవవశాత్తు అది లేదు. సీ.పీ.కే. అనే పరీక్ష చేయిస్తే సుమారు 200 లోపు ఉండవలసింది 3,800 వచ్చింది. కండరకణాల లోపల ఉండవలసిన పదార్థం గోడలు చెడి రక్తంలోకి కారిపోతోందన్నమాట.

రోజుకు 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టారు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హెంచ్ అనే వైద్యుడు మంచాన పడ్డ కీళ్ళవాతం రోగికి కార్టిసోన్ ఇచ్చి లేపి నడిపించాడు. 1950లో ఆయనకూ మరిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. ఆ వంశపు మందే ఇది. ఆరు వారాలలో సీ.పీ.కే. 900కు దిగింది. ముఖం పూర్ణచంద్రుడిలా ఉబ్బింది, చక్కెర పెరిగింది, నిద్ర పారిపోయింది. ఆ రోజుల్లోనే నేను జడ వేయడం నేర్చుకున్నాను. మూడు పాయల లెక్క ఛందస్సు కన్నా కష్టమేమీ కాదు గాని, చివర రిబ్బను దగ్గర యతి తప్పేది.

నాలుగో నెలలో మళ్ళీ మెట్లెక్కలేకపోయింది. మా ఇద్దరికీ గుండె జారింది. ఇక్కడ ఒక విచిత్రమైన సంకటం ఉంది. శోథ తిరగబెడితే స్టెరాయిడ్ పెంచాలి. కాని స్టెరాయిడే దీర్ఘకాలం వాడితే అవే తొడ కండరాలను, అవే భుజాలను కృశింపజేస్తుంది. అప్పుడు మందు తగ్గించాలి. పైకి కనిపించే లక్షణం ఒకటే, చికిత్సలు పరస్పర విరుద్ధాలు. పొరబడితే ఉన్న శక్తి కూడా పోతుంది. సీ.పీ.కే. చూస్తే 110. తొడలకు ఎం.ఆర్.ఐ. తీస్తే శోథ జాడ లేదు. ఈసారి దోషం మందుదేనని నిర్ణయించి, అజథయోప్రిన్‌ను ఆసరాగా నిలబెట్టి, స్టెరాయిడ్‌ను మెల్లమెల్లగా దించుతూ 5 మిల్లీగ్రాములకు తెచ్చారు. నిర్ణయం వచ్చేదాకా గడిచిన ఆ పది రోజులూ మా ఆవిడ ఒక్క మాటే అడిగింది: “మంచంలో పడను గదా?” నేను తెలిసిన శ్లోకమేదీ చెప్పలేదు.

ఒకప్పుడు ఈ రోగులకు విశ్రాంతే పరమౌషధమనేవారు. ఇప్పుడు నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామం చేయాలంటున్నారు. అది శోథను పెంచదని పరిశోధనలు తేల్చాయి. పొద్దున్నే కుర్చీలోంచి చేయూత లేకుండా పదిసార్లు లేవడం, గోడ మీద వేళ్ళు పాకించి చేతులెత్తడం. గోడకు పెన్సిలుతో గీతలు పెట్టాను. చెయ్యి ఇప్పుడు నడినెత్తికి అందుతోంది. జడ మాత్రం నేనే వేస్తున్నాను. అది వ్యాధి వల్ల కాదు, అలవాటైపోయింది.

మా మిద్దెకు 18 మెట్లు. నిన్న పదకొండో మెట్టుదాకా ఎక్కి, కాసేపు కూర్చుని, దిగి వచ్చింది. ఈ వేసవి గుమ్మడి వడియాలు మిద్దె మీద పెట్టాలా, వాకిట్లోనా అన్న చర్చ మా ఇంట్లో ఇంకా తెగలేదు.