చెప్పినది చేరినదా?

మా అమ్మాయి కలకత్తాలో ఏమి చదువుతున్నదని మన కాలనీ మిత్రులు అడిగే రోజుల్లో, ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో సమాధానం చెప్పడం నాకు ఎన్నడూ సాధ్యపడలేదు. ఇంజనీరింగు అంటే సరిపోతుంది. వైద్యం అంటే మరీ సరిపోతుంది. “సైన్స్ కమ్యూనికేషన్” అనగానే మాత్రం ఎదుటివారి ముఖంలో ఒక విధమైన సానుభూతి కదలాడేది. ఒక పెద్దాయన “అంటే టెలిఫోన్ల శాఖా అండీ?” అన్నారు. మరొక మిత్రుడు “ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసిన పిల్లను మళ్లీ మాటలు నేర్చుకొమ్మని పంపారా?” అని నవ్వారు. ఈ రెండవవారి మాటే నాకు నచ్చింది. పరిహాసంగానైనా అసలు సంగతిని పట్టుకున్నారు. పదవీ విరమణ చేసి కొన్నేండ్లయినా సంపాదకులు నన్ను గుర్తుంచుకొని ఏదైనా వ్రాయమన్నారు గనుక, ఆ మిత్రునికి బాకీ పడిన సమాధానాన్ని కొంత తీరికగా ఇక్కడ చెల్లిస్తాను.

అప్పుడు నేను కలకత్తా శాఖా కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఆ నగరం పేరు 2001లో కోల్‌కతాగా మారినా, మన నోటికి కలకత్తాయే. విజ్ఞాన ప్రదర్శనశాలల జాతీయ మండలికి కేంద్ర కార్యాలయం ఆ ఊరిలోనే, సాల్ట్ లేక్‌లో ఉన్నది. ఆ మండలి బిట్స్ పిలానీతో కలిసి 2005లో సైన్స్ కమ్యూనికేషన్‌లో రెండేండ్ల ఎం.ఎస్. చదువును ఆరంభించింది. తొలి యేండ్లలో చేరిన కొద్దిమందిలో మా అమ్మాయి ఒకతె. “దీనికి ఉద్యోగం ఎక్కడ వస్తుంది?” అని మా శ్రీమతి అడిగింది. తల్లి అడగవలసిన ప్రశ్నే. అమ్మాయి మాత్రం అప్పటికే నిర్ణయం చేసుకొని ఉన్నది.

ఈ చదువుకు కలకత్తాను మించిన ఊరు మన దేశంలో లేదని నా అభిప్రాయం. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన విజ్ఞాన సంస్థ పరిశోధనకు ఎంత పేరు పొందినదో, సామాన్య జనులకు ఉపన్యాసాలు ఇప్పించడంలోనూ అంత పేరు పొందింది. బాల్యంలో మన విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్, ప్రభుత్వ అకౌంట్స్ శాఖలో ఉద్యోగం వెలగబెడుతూ ఆఫీసుకు ముందు, ఆఫీసుకు తరువాత పరిశోధన సాగించినది ఆ సంస్థలోనే. (మన అకౌంట్స్ విభాగం మిత్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవచ్చును.) శాస్త్రాన్ని మాతృభాషలో చెప్పలేమనే వాదాన్ని అంగీకరించని సత్యేంద్రనాథ్ బోస్ 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును నెలకొల్పి, బెంగాలీలో ఒక విజ్ఞాన మాసపత్రికను నడిపించారు. బిర్లా పారిశ్రామిక సాంకేతిక ప్రదర్శనశాల 1959లో తెరుచుకున్నది. 1965 నుండి అక్కడి బస్సులు ప్రదర్శనలను మోసుకొని పల్లెలకు వెళ్లసాగాయి. 1997లో సైన్స్ సిటీ వచ్చింది. మన తెలుగులో ఆ పనిని నండూరి రామమోహనరావుగారి వంటివారు వ్యక్తిగతంగా, ఒక దీక్షగా చేశారు. అక్కడ దానికి సంస్థలు ఏర్పడ్డాయి. తేడా అంతే, అయితే అది చిన్న తేడా కాదు.

మొదటి సెమిస్టరు ముగిసేసరికి అమ్మాయి భోజనాల దగ్గర నన్ను పరీక్షించడం మొదలుపెట్టింది. నేను చాలాకాలం భద్రతా విభాగంలో పనిచేసినవాడను. “నాన్నగారూ, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర గ్యాసు హెచ్చరిక బోర్డులు ఉంటాయి కదా, వాటిని కాంట్రాక్టు కార్మికులు ఎలా అర్థం చేసుకుంటారో ఎవరైనా అడిగారా?” అన్నది. మేము బోర్డుల సంఖ్యను లెక్కించేవారము. వాటి పరిమాణానికి, రంగుకు, స్థానానికి నియమాలున్నాయి. చదివిన మనిషి మనస్సులో ఏమి మిగిలినదో కొలిచే గడి మాత్రం మన తనిఖీ పట్టికలో ఉండేది కాదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అపాయమంటే ఘాటుగా వాసన రావాలనీ, కళ్లు మండాలనీ అనుకునే మనిషికి ‘అపాయం’ అనే అక్షరాలు ఎంత పెద్దవిగా వ్రాసినా ఏమి లాభం? అతని ముక్కు అతనికి ధైర్యం చెబుతూనే ఉంటుంది. కంటికి కనబడని ప్రమాదాన్ని గురించి చెప్పడం ఈ చదువులో ఒక ప్రత్యేక శాఖ అని అప్పుడు తెలిసింది.

తరగతిలో విన్నవాటిలో ఆమెను అన్నిటికన్న కదిలించిన ఉదంతం 1971 నాటిది. తూర్పు బెంగాల్ నుండి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. బనగావ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరంలోకి ఎక్కించే సెలైను అయిపోవస్తున్నది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన పొడిని నీళ్లలో వేసి నోటి ద్వారానే త్రాగించాలని నిర్ణయించారు. నూటికి ముప్పైవరకు ఉన్న మరణాలు నాలుగింటి లోపునకు దిగాయి. త్రాగించినవారిలో అధికులు నర్సులు కారు, రోగుల బంధువులే. ఆయన 2022లో మరణించిన తరువాత, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇంతవరకు వైద్యం. ఇక్కడినుండి మా అమ్మాయి చదువు మొదలవుతుంది. 1980 నుండి పదేండ్లపాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ కార్యకర్తలు కోటికి పైగా ఇండ్లకు వెళ్లి, మూడువేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, కొలిచిన నీళ్లు కలిపే విధానాన్ని తల్లులకు నేర్పారు. కార్యకర్తకు జీతం ఎలా లెక్కకట్టారో చూడండి. ఎన్ని ఇండ్లకు వెళ్లినదని కాదు. కొంతకాలం తరువాత మరొకరు వచ్చి తల్లిని ప్రశ్నిస్తారు. ఆ తల్లి ఎంత జ్ఞాపకం ఉంచుకున్నదో దానిని బట్టి, నేర్పిన కార్యకర్తకు ప్రతిఫలం! మన శిక్షణా విభాగంలో ఈ పద్ధతి పెడితే ఎందరికి జీతాలు వచ్చేవోనని నేను అన్నాను. అమ్మాయి నవ్వలేదు. “అందుకే నేను చదువుతున్నాను, నాన్నగారూ” అన్నది.

ఇక మా ఇంటికి వచ్చిన సంగతి చెప్పాలి.

మా ఇంట్లో వంటకు సాయంచేసే ఆమెను అందరమూ ‘మాసీ’ అనేవారము. అక్కడ పిన్నిని అలా పిలుస్తారు. ఉత్తర ఇరవైనాలుగు పరగణాల జిల్లాలో ఒక పల్లె నుండి తెల్లవారుజామున లోకల్ రైలెక్కి, బిధాన్‌నగర్ రోడ్ స్టేషనులో దిగి నడిచివచ్చేది. ఒకనాడు ఆమె భర్త ఏదో పనిమీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నమస్కరించడానికి చేతులెత్తినప్పుడు, ఆ అరచేతులలో ఆవగింజలంతేసి గట్టి బుడిపెలు మా అమ్మాయి కంట పడ్డాయి. ఆ వారమే వాటి ఛాయాచిత్రాలను ఆమె పుస్తకంలో చూసి ఉన్నది.

కలకత్తాలోని ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చర్మవైద్యులు డాక్టర్ కె.సి. సాహా 1983లో ఇటువంటి రోగులను గుర్తించి, వారు త్రాగే గొట్టపు బావుల నీటిలో ఆర్సెనిక్ ఉన్నదని చెప్పారు. మన భాషలో పాషాణం. తరువాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి, 2018లో మరణించేవరకు, గ్రామగ్రామమూ తిరిగి ఆ నీటిని పరీక్షించారు. ఎవరో కలిపిన విషం కాదది. హిమాలయాల నుండి నదులు మోసుకువచ్చిన ఒండ్రులో ఇనుముతో అంటిపెట్టుకొని ఉన్నది, గాలి చొరని పొరలలో సూక్ష్మజీవుల చర్యవలన నీటిలోకి విడివడుతున్నది. ఎక్కువ లోతు లేని బావులలో బాధ ఎక్కువ. లోతైన పొరలలోని నీరు చాలాచోట్ల మంచిది. లీటరుకు 50 మైక్రోగ్రాముల వరకు ఫరవాలేదన్న పాత పరిమితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో 10కి తగ్గించింది. ఆ నీరు త్రాగినవానికి రేపో ఎల్లుండో ఏమీ కాదు. యేండ్లు గడిచాక చర్మంమీద మచ్చలు, అరచేతులలో, అరికాళ్లలో బుడిపెలు, కొందరికి క్యాన్సరు.

నల్గొండ ఫ్లోరైడును ఎరిగిన మనకు ఇది వింత కాదు. నేటి ప్రకాశం జిల్లా ప్రాంతపు ఫ్లోరైడు వ్యాధిని గురించి 1937లోనే వైద్య పత్రికలో వ్రాశారు. వ్రాసిన తరువాత ఎన్ని తరాలు వంగిపోయిన వెన్నెముకలతో బ్రతికినవో మనకు తెలుసు.

అయితే బెంగాల్ కథలో మరొక మెలిక ఉన్నది. చెరువు నీరు త్రాగవద్దు, అందులో కలరా ఉన్నది, గొట్టపు బావి నీరు త్రాగండి అని సరిహద్దుకు రెండువైపులా దశాబ్దాలపాటు ప్రచారం చేశారు. జనం విన్నారు. ఆ మాట వినడంవలన అనేకమంది పిల్లలు బ్రతికారు. ఇప్పుడు అదే జనంతో, అదే బావిని చూపి, ఇందులో విషం ఉన్నదని చెప్పాలి. మొదటి మాట అబద్ధం కాదు, రెండవదీ అబద్ధం కాదు. ఈ రెండింటినీ ఒకే నోటితో చెప్పి నమ్మకం నిలుపుకోవడం ఎలా? పాఠ్యపుస్తకంలో దీనికి అధ్యాయాలున్నాయి. మా వంటింట్లో మాసీ ఒకతే ఉన్నది.

చెప్పాలా, వద్దా అని ఇంట్లో రెండు రాత్రులు చర్చ జరిగింది. మాసీకి పెండ్లి కావలసిన కూతురున్నది. ఆ మచ్చలు అంటువ్యాధి అనే భయం పల్లెలలో ఉన్నది, ఫలానా ఇంటిలో ఉన్నదని తెలిస్తే సంబంధాలు రావు. “మంచినీళ్లు చూపించలేనప్పుడు, ఉన్న నీళ్లను చెడ్డవని చెప్పడం దేనికి?” అని మా శ్రీమతి అన్నది. ఆ ప్రశ్నను నేను ఈనాటికీ తేలికగా తీసుకోను. అమ్మాయి మాత్రం “ఆయన చేతులు ఆయనవి, అమ్మా. వాటిని గురించి మనకు తెలిసి ఆయనకు తెలియకపోవడం న్యాయం కాదు” అన్నది. తాను ప్రాజెక్టుగా తీసుకోవలసిన అంశమూ ఇదేనని నిశ్చయించుకున్నది.

మాసీ శాంతంగా విన్నది. విని, “మేము కాచి చల్లార్చిన నీళ్లే త్రాగుతాము కదా, మా!” అన్నది. అక్కడ పెద్దలు ఆడపిల్లలను ‘మా’ అని పిలుస్తారు. రేడియో చెప్పినట్లే చేస్తున్నది. కాచితే క్రిములు చస్తాయి, పాషాణం చావదు. పైగా నీరు ఆవిరై, మిగిలిన నీటిలో అది కొంత చిక్కబడుతుంది. అనారోగ్యానికి క్రిమి తప్ప వేరే కారణం వినని మనిషికి ఈ మాట ఎంత విపరీతంగా తోచి ఉండాలి!

ఆ ఆదివారం మేమిద్దరమూ మాసీ వెంట వారి ఊరికి వెళ్లాము. వీధి మొగలో ఉన్న చేతిపంపుకు ఎఱ్ఱరంగు గుర్తు ఉన్నది, సగం వెలిసిపోయి. దానికి అర్థమేమిటని నలుగురిని అడిగాము. ఒకరు ఎన్నికల గుర్తు అన్నారు. ఇద్దరు “నీటిలో ఇనుము ఉన్నదని” అన్నారు. ఆ ప్రాంతపు నీటిలో ఇనుము విస్తారం. పంపు చప్టా అంతా తుప్పురంగు పట్టి ఉంటుంది. బియ్యం వండితే రంగు మారుతుంది. కనుక ఎఱుపంటే ఇనుమే! నాలుగవ మనిషి, ఒక వృద్ధురాలు, “ఆ రంగు వేసినవాళ్లు మళ్లీ రాలేదు” అన్నది. మా అమ్మాయి తన నోటుపుస్తకంలో ఆ వాక్యం క్రింద రెండు గీతలు గీసుకున్నది.

కలకత్తాలో ఆమె సిద్ధం చేసుకున్న రంగుల పోస్టర్లు సంచిలోనే ఉండిపోయాయి. బదులుగా పరీక్షా పరికరాన్ని బయటికి తీసింది. సీసాలో నీరు పోసి, దానిలో రసాయనాలు వేసి మూత బిగిస్తారు. నీటిలో పాషాణం ఉంటే వాయువై పైకి లేచి, మూతలో అమర్చిన తెల్లకాగితాన్ని పసుపు నుండి గోధుమరంగు వరకు మారుస్తుంది. ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ వాయువు పీల్చరానిది, కనుక సీసాలను బయట చెట్టుక్రింద గాలిలో ఉంచి, రసాయనాలను తానే వేసింది. నీరు పట్టడం, ఎవరి సీసా ఏదో గుర్తుపెట్టడం, కాగితాన్ని రంగుల పట్టికతో పోల్చడం మాత్రం ఆడవాళ్లచేతనే చేయించింది. ఆ అరగంటలో వాళ్లు అడిగిన ప్రశ్నలు నేను మన భద్రతా వారోత్సవాలలో ఇరవై యేండ్లపాటు విన్నవాటికన్న ఎక్కువ. అంటుకుంటుందా? (అంటుకోదు.) బట్టలు ఉతకవచ్చునా? (నిరభ్యంతరంగా.) ఆవు త్రాగితే పాలకు ఏమవుతుంది? ఈ చివరిదానికి అమ్మాయి “తెలుసుకొని చెబుతాను” అన్నది. తరువాతి ఆదివారం వెళ్లి చెప్పింది కూడా.

మాసీ పెరటి పంపు కాగితం ముదురు గోధుమరంగుకు మారింది. నాలుగిండ్ల అవతల ఉన్న పంపు కాగితం తెల్లగానే ఉన్నది, అది లోతుగా దింపించిన పంపు. ప్రయోగశాలకు పంపిన నమూనాలలోనూ అదే తేలింది. కాని ఆ లోతు పంపు మాసీ మరిదిది. గట్టు తగాదావల్ల రెండు కుటుంబాలకు ఆరేండ్లుగా మాటలు లేవు. మంచినీరు ఎక్కడో కోసుల దూరంలో లేదు, నలభై అడుగుల దూరంలోనే ఉన్నది. ఆ నలభై అడుగులు దాటడానికి ఏ విజ్ఞాన ప్రదర్శనశాల తోడ్పడుతుంది?

నెలరోజులు ఏమీ జరగలేదు. మాసీ రోజూ మా ఇంటినుండి రెండు సీసాల నీళ్లు రైలులో మోసుకుపోయేది. ఆ తరువాత ఒకనాడు తోడికోడలే కబురు పంపింది, ఉదయం రెండు బిందెలు, సాయంత్రం ఒకటి పట్టుకొమ్మని. మగవాళ్లు మాట్లాడుకోలేదట, ఆడవాళ్లు నీళ్లు పట్టుకున్నారట. మాసీ భర్తను చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్లాము. నీరు మార్చడమే మొదటి వైద్యమని ఆయనా చెప్పారు. మచ్చలు కొంత తగ్గాయి, బుడిపెలు ఉండిపోయాయి.

అమ్మాయి ప్రాజెక్టు నివేదికలో ఈ తగాదా ప్రస్తావన ఉంచాలా వద్దా అని మార్గదర్శకునితో పెద్ద వాదమే జరిగిందట. చివరకు పేర్లు లేకుండా ఉంచారు. ఆమె ఇప్పుడు పుణేలో ఆరోగ్య సమాచార రంగంలోనే పనిచేస్తున్నది. ఉద్యోగం ఎక్కడ వస్తుందన్న మా శ్రీమతి ప్రశ్నకు సమాధానం దొరికింది.

మాకు బదిలీ అయి వచ్చేసిన మరుసటి యేడు మాసీ ఫోను చేసింది. కూతురికి సంబంధం కుదిరిందని చెప్పింది. పెండ్లివారి ఊరికి వెళ్లినప్పుడు, తక్కిన మాటలన్నిటికన్న ముందు, “మీ పంపు ఎన్ని అడుగుల లోతు?” అని అడిగిందట. పెండ్లికొడుకు తండ్రి తెల్లబోయి, పంపు దింపిన మేస్త్రీని పిలిపించాడట.