జీతగాడి వాయిద్యం

పింక్ ఫ్లాయిడ్ అనే ఆంగ్ల వాద్యబృందం 2014 నవంబరులో తన చివరి స్టూడియో ఆల్బమ్‌ను విడుదల చేసింది. దాని పేరు ‘ది ఎండ్‌లెస్ రివర్’. అంతులేని నది అని చెప్పుకోవచ్చు. మనకు దానితో యేం పని అని యీ పత్రిక పాఠకులు అడగవచ్చు. మొన్నమొన్నటి దాకా నేనూ అట్లాగే అడిగేవాణ్ణి. క్లాసులో వొక విద్యార్థి ఆ బృందం ప్రస్తావన తెస్తే, అది మత్తులో పుట్టిన సంగీతమనీ, క్షీణిస్తున్న బూర్జువా సంస్కృతి తన అలసటను తానే అమ్ముకునే సరుకనీ చెప్పి అతని నోరు మూయించాను. వినకుండానే చెప్పాను. విమర్శకుడు చెయ్యగూడని పని అది.

వినక తప్పని అవసరం తర్వాత వచ్చింది. మా నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లరు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు యెత్తి టబ్బులు నింపిన మనిషి. యూనియన్ సభల్లో పాడేవాడు. సెంటినరీ కాలనీలోని మా క్వార్టరులో, షిఫ్టు దిగి వచ్చిన వొక రాత్రి, మిత్రులు టేప్ రికార్డరు ముందు పెట్టి ఆయన చేత పాడించారు. ఆ క్యాసెట్టు వొక్కటే మిగిలింది. నాలుగు పాటలు, అన్నీ సగం సగమే. మధ్యలో దగ్గు, గిన్నెల చప్పుడు. నాన్న యిప్పుడు లేడు. వాటికి డప్పూ కోరసూ చేర్చి పూర్తిచేస్తామని కాలనీ కుర్రవాళ్ళు అడిగారు. పోయినవాడి సగం పనిని వున్నవాళ్ళు ముట్టుకోవచ్చునా? వద్దన్నాను. నేను నోరు మూయించిన విద్యార్థే అప్పుడు యీ ఆల్బమ్ తెచ్చి యిచ్చాడు.

1967లో తొలి ఆల్బమ్ తెచ్చిన నాటికి వీళ్ళు లండన్ క్లబ్బుల్లో రంగురంగుల దీపాల మధ్య వాయించే యువకులు. సైకడెలిక్ రాక్ అని దానికి పేరు. వాస్తవం నుంచి మనసును విడదీసి తేలించాలనే ధోరణి అందులో వుంది. ఆ మాట నేను యిప్పుడూ వెనక్కి తీసుకోను. తొలి నాయకుడు సిడ్ బారెట్ 1968లోనే బృందానికి దూరమయ్యాడు. 1985లో రోజర్ వాటర్స్ విడిపోయాడు. వీటన్నిటికంటె నన్ను ఆపింది కీబోర్డులు వాయించిన రిచర్డ్ రైట్ కథ.

అతను బృందం మొదలైన నాటి నుంచీ వున్నవాడు. 1979లో ‘ది వాల్’ తయారవుతున్న రోజుల్లో అతన్ని తొలగించారు. తర్వాత 1980-81 ప్రదర్శనల్లో వాయించటానికి జీతం మీద పెట్టుకున్నారు. జీతగాడు అన్న మాటకు మా తెలంగాణలో యెంత బరువుందో చెప్పనక్కరలేదు. విచిత్రమేమంటే ఆ ప్రదర్శనలకు నష్టం వచ్చింది. అది తక్కిన ముగ్గురి మీదా పడింది. డబ్బు మిగిలింది జీతగాడికే. బొగ్గుబావుల్లో యిట్లా జరిగినట్టు మాత్రం నేను యెన్నడూ వినలేదు.

1993లో డేవిడ్ గిల్మోర్, నిక్ మేసన్, రైట్ మళ్ళీ కూర్చుని వాయించారు. అందులో కొంత 1994 నాటి ‘ది డివిజన్ బెల్’కు పోగా చాలా భాగం పక్కన పడివుంది. 2008లో రైట్ మరణించాడు. మిగిలిన యిద్దరూ ఆ పాత టేపులు తీయించి, 20 గంటలకు పైగా వున్న సరంజామాలోంచి ముక్కలు యేరి, కొత్త వాద్యాలు చేర్చి, సుమారు 53 నిమిషాల ఆల్బమ్ చేశారు. రైట్‌కు నివాళి అన్నారు.

దాదాపు అంతా వాద్యమే. గాయకుడు అసలు పాట పాడేది చివర వొక్కచోటే. రచయిత్రి పాలీ శాంసన్ రాసిన ఆ పాట నాకు బలహీనంగా తోచింది: తగవులాడుకున్నా మా సంగీతం మాటలను మించిందని తమకు తామే సర్టిఫికెట్ యిచ్చుకోవటం. తొలగింపు సంగతి, జీతం సంగతి యెక్కడా రావు. నివాళి పేరుతో శ్రమ సంబంధం మాయమయింది.

కాని వొకచోట నేను ఓడిపోయాను. 1969లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో రైట్ వాయించిన పెద్ద ఆర్గన్ శబ్దాన్ని వొకటిన్నర నిమిషం వినిపిస్తారు. ఆ శబ్దం చుట్టూ వున్న ఖాళీ కూడా వినిపిస్తుంది. వొక మనిషి, అతని చేతులు, ఆ పూట. తక్కినచోట్ల యేది పాతదో యేది కొత్తదో తెలియనంత నున్నగా అతుకులు దాచేశారు. అక్కడే నా అభ్యంతరం. పూర్తిచేసినందుకు కాదు, సాపు చేసినందుకు.

కుర్రవాళ్ళకు క్యాసెట్టు యిచ్చాను. దగ్గు తీసెయ్యగూడదన్నాను. మూడో పాట నడుమ నాన్న దగ్గుతాడు, వంటింట్లోంచి అమ్మ “నీళ్ళు గావాల్నా?” అంటుంది. అక్కడ డప్పు ఆగాలన్నాను. తాళం తప్పుతుంది సార్ అన్నారు. తప్పనివ్వండన్నాను. వచ్చే ఆదివారం మొదలుపెడతారట. అమ్మ అప్పుడే చాయ్‌కి గ్లాసులు లెక్కపెడుతున్నది.